తీపి వదలని కల్లు: కారణములు, సవరించు పద్ధతులు



చలికాలపు ఉదయమున లొట్టి దించిన వెంటనే మీరు మొదట చేయు పని రుచి చూచుట. నాలుకకు కల్లు తగిలీ తగలక మునుపే పానకమువలె తీపి తగిలినచో, ఆనాటి బేరము సగము పోయినట్లే యని మీకు తెలియును. వాడుకగా పోయించుకొనువారు “ఇయ్యాల కల్లు ఎక్కలేదు” అందురు. మధ్యాహ్నము వరకు ఆగితే పులియును గాని, అప్పటికి త్రాగువారు పొలములకు పోయియుందురు. ఈ తొందరలోనే కొందరు చేయరాని పనులు చేయుచున్నారు.

కాజీపేట, విజయవాడ రైలు మార్గములోనున్న నెక్కొండ చుట్టుప్రక్కల గ్రామములలో పొలము గట్లమీద తాళ్ళు, వాగుల వెంట ఈతలు గీయుట తరతరాల వృత్తి. ఆ వృత్తిలో మీ అనుభవము మా చదువుకంటె పెద్దది. అయినను తీపి ఎందుకు నిలిచినదో తెలిసికొనుటకు కొద్దిపాటి శాస్త్రము అక్కరకు వచ్చును. ఈ వ్యాసమున చెప్పబోవు సంగతి ఒక్కటే: తీపి ఒక రోగము కాదు, నడుమ ఆగిపోయిన పని. ఆ పని ఎక్కడ ఆగినదో కనుగొని అక్కడనే సరిచేయవలెను. దానిపై మరియొకటి పోసి కప్పిపుచ్చరాదు.

(లైసెన్సు పొందిన గీత కార్మికులకు, వారి సహకార సంఘములకు మాత్రమే ఈ సూచనలు ఉద్దేశింపబడినవి. లైసెన్సు లేక కల్లు గీయుట, అమ్ముట ఎక్సైజు చట్టము ప్రకారము నేరము.)

తీపి ఎట్లు పోవును?

చెట్టునుండి అప్పుడే దిగిన తాటి రసములో నూటికి 10 నుండి 12 పాళ్ళు చక్కెర యుండును. ఇది మనము టీలో వేసికొను చక్కెర జాతిదే. 12 పాళ్ళున్నదనుకొన్నచో 10 లీటర్ల రసములో సుమారు 1 కిలో 200 గ్రాముల చక్కెర యున్నట్లు.

ఈ చక్కెరను తినునది ఈస్టు అను కంటికి కనరాని జీవి. గాలినుండి, గెల కోతనుండి, అన్నిటికంటె ఎక్కువగా నిన్నటి లొట్టి గోడలనుండి ఇది రసములోనికి చేరును. ఈస్టు మొదట ఈ చక్కెరను రెండు చిన్న చక్కెరలుగా విడగొట్టి, పిమ్మట వానిని ఆల్కహాలుగాను, బొగ్గుపులుసు వాయువుగాను మార్చును. లొట్టిలో కనుపించు నురుగు, చెవి యొగ్గిన వినిపించు చిటపట ఈ వాయువు వలననే. చక్కెర తరిగిన కొలది తీపి తగ్గును, ఆల్కహాలు పెరుగును. పూర్తిగా పులిసిన కల్లులో సాధారణముగా నూటికి 4 నుండి 6 పాళ్ళ ఆల్కహాలుండును.

ఇంకను ఆలస్యమైనచో వేరు జాతి సూక్ష్మజీవులు గాలి సాయముతో ఆ ఆల్కహాలును ఎసిటిక్ ఆమ్లముగా, అనగా సిర్కాగా మార్చును. కావున కల్లు బ్రతుకులో మూడు మెట్లు కలవు: తీపి, ఘాటు, పులుపు. మన లొట్టి మొదటి మెట్టుపై నిలిచిపోయినచో దానిని రెండవ మెట్టు ఎక్కించుటయే మన పని. మూడవ దానికి దూకనీయరాదు.

ఇట్టి చిక్కు మనకొక్కరికే కాదు. 1856లో ఫ్రాన్సు దేశపు లీల్ నగరమున బీటు దుంప రసము పులియబెట్టు వ్యాపారి ఒకడు తన తొట్లు చెడిపోవుచున్నవని లూయీ పాశ్చర్ వద్దకు పోయెను. పాశ్చర్ సూక్ష్మదర్శినితో చూడగా మంచి తొట్టిలో గుండ్రని ఈస్టు కణములును, చెడిన తొట్టిలో పుల్లలవంటి వేరు జీవులును కనుపించెను. పులియుట జీవుల పనియని, ఏ జీవి పెరిగినచో ఆ ఫలితమే వచ్చునని ఆయన పిమ్మట నిరూపించెను. నెక్కొండ లొట్టికిని ఆ సూత్రమే వర్తించును.

ఐరోపా దేశములలో ఇండ్లయందు బీరు చేసికొనువారికిని తీపి మిగులు చిక్కు కలదు. కాని వారికి లేని మేలొకటి మనకున్నది. బీరును మొలకెత్తిన బార్లీ గింజలనుండి చేయుదురు. గింజను ఉడికించు వేడి ఎక్కువైనచో అందులోని పిండి పదార్థము ఈస్టు తినలేని రూపమున మిగిలిపోవును. అట్టి బీరు ఎన్ని దినములుంచినను పలుచబడదు. తాటి రసములోని చక్కెర అంతయు ఈస్టు తినగలిగినదే. కావున ఈస్టుకు కావలసిన వసతి కల్పించినచో కల్లులోని అసలు తీపి తప్పక పోవును.

ముందుగా ఏ తీపియో తేల్చుకొనుడు

మందు వేయుటకు ముందు తెగులేదో గుర్తించుట పంటకెంత అవసరమో, ఇక్కడను అంతే. తీపి మూడు విధములు.

కదులుచున్న తీపి: నురుగున్నది, చిటపట వినబడుచున్నది, తీపియు నున్నది. ఇది పని జరుగుచున్నదను గుర్తు. మీరు చేయవలసినది వేచియుండుట మాత్రమే.

ఆగిన తీపి: తీపి యున్నది, నురుగు లేదు, గంటసేపు చూచినను బుడగ లేవదు. సవరించవలసినది దీనినే.

పెట్టుడు తీపి: శాకరిన్ వంటి కృత్రిమ పదార్థము కలిపిన తీపి. దీనిని ఈస్టు తినదు. ఎంత వెచ్చచేసినను, ఎన్ని గంటలుంచినను పోదు. అట్టి కల్లును సవరింపజాలము, పారబోయవలెను.

వీనిని వేరుపరచుటకు సాంద్రత కొలుచు గాజు పరికరము, అనగా హైడ్రోమీటరు, చాల ఉపయోగము. నీటిలో ముంచినచో 1.000 చూపును. నూటికి 12 పాళ్ళ చక్కెరగల తాజా రసములో 1.048 చూపును. పులిసిన కొలది అంకె దిగుచు నీటి అంకెకు దగ్గరగా వచ్చును. తీపిగానున్న కల్లు 1.020 వద్ద గంటలకొలది కదలక నిలిచినచో అది ఆగిన తీపి. అంకె నీటి అంకెకు దగ్గరగా నుండియు నోటికి పానకమువలె నున్నచో అది పెట్టుడు తీపియని శంకింపవలెను. కొలుచుటకు ముందు కల్లును రెండు గ్లాసులలోనికి మార్చి మార్చి పోసి వాయువు పోనీయవలెను. లేనిచో బుడగలు పరికరమును పైకెత్తి తప్పు అంకె చూపును.

చెరకు రసమునకు వాడు బ్రిక్సు మీటరును పులియుచున్న కల్లుకు వాడరాదు. ఆల్కహాలు ఆ మీటరులో అంకెను పెంచి చూపును గనుక, చక్కెర ఉన్నదానికంటె ఎక్కువగా నున్నదని మోసపోవుదురు.

తీపి ఆగుటకు గల కారణములు

1. చలి. ఇదియే మొదటి కారణము. ఈస్టుకు 25 నుండి 32 డిగ్రీల సెంటిగ్రేడు వెచ్చదనము అనుకూలము. మన ప్రాంతమున డిసెంబరు, జనవరి రాత్రులయందు 15 డిగ్రీలకు దిగువకు పోవుట కలదు. అట్టి రాత్రి చెట్టుపై వ్రేలాడు లొట్టిలో ఈస్టు చావదు గాని ముడుచుకొని పడుకొనును. తెల్లవారుజామున దించిన ఈత కల్లు తియ్యగానుండి పొద్దెక్కిన కొలది ఘాటెక్కుట ఇందువలననే.

2. సున్నము. నీరా కొరకు, తాటి బెల్లము కొరకు లొట్టి లోపల సున్నము పూయుట మీరెరిగినదే. సున్నము ఈస్టును పని చేయనీయదు. అదే లొట్టిని సరిగా కడుగక కల్లుకు వాడినచో తీపి నిలుచును. దీనిని కనిపెట్టుటకు కొన్న మందులక్కరలేదు. తెల్ల కాగితముపై తడి పసుపు రాసి ఆరబెట్టి, దానిపై రెండు చుక్కలు వేయుడు. పసుపు ఎర్రబడినచో సున్నమున్నట్లు. ఎర్రబడనిచో కారణము వేరొకటి.

3. మితిమీరిన శుభ్రము. ఈ మాట మీకు వింతగా తోచవచ్చును. లొట్టిని కడుగవలసినదే. కాని సబ్బుతోను, బ్లీచింగు పొడితోను కడిగి, సరిగా తొలవక వ్రేలాడగట్టినచో మిగిలిన మందు ఈస్టును చంపును. మందు మిగలకపోయినను, పూర్తిగా క్రొత్తదైన లొట్టిలో నిన్నటి ఈస్టు ఉండదు గనుక పని ఆలస్యముగా ప్రారంభమగును.

4. ఈస్టు అడుగంటుట. కదల్చకుండ నుంచిన పెద్ద పాత్రలలో ఈస్టు మడ్డిగా అడుగున చేరును. పైనున్న తీపికిని, క్రిందనున్న ఈస్టుకును కలయిక యుండదు.

5. ఎక్కువ వేడి. తొందరపడి పొయ్యిమీద పెట్టిన లొట్టి, వేసవి ఎండలో వదలిన ప్లాస్టిక్ క్యాను ఈ తెగకు చెందును. 40 డిగ్రీలు దాటినచో ఈస్టు నీరసించును, ఇంకను పెరిగినచో చచ్చును.

సవరించు పద్ధతి

మొదట చిన్న పరీక్ష చేయుడు. పంట పొలములో ఎరువు పరీక్షించునపుడు ఒక మడికి ఎరువు వేయక విడిచి, దానితో పోల్చి చూతుము. ఇక్కడను అట్లే మూడు గాజు గ్లాసులు తీసికొని, మూడింటను తీపి కల్లు సమముగా పోయుడు. మొదటిదానిని ఊరక ఉంచుడు. రెండవదానిని గోరువెచ్చని నీటి గిన్నెలో నిలుపుడు. మూడవదానిని కూడ అట్లే నిలిపి, అందులో బాగుగా పొంగుచున్న కల్లు రెండు చెంచాలు కలుపుడు. గంట, రెండు గంటలలో ఫలితము తెలియును. రెండవ గ్లాసు నురుగు కట్టినచో మీ కల్లుకు కావలసినది వెచ్చదనము మాత్రమే. మూడవది మాత్రమే నురుగు కట్టినచో ఈస్టు చాలలేదు. మూడును కదలకున్నచో సున్నమో, మందో, పెట్టుడు తీపియో యున్నట్లు.

వెచ్చదనము చాలనిచో: లొట్టిని గోరువెచ్చని నీళ్ళ గంగాళములో నిలుపుడు. నీటిలో చేయి సుఖముగా ఉంచగలిగినంత వేడి చాలును. గోనె సంచి చుట్టి, గాలి తగులని చోట ఉంచుడు. నీరు చల్లారిన కొలది మార్చుడు. నిప్పు సెగ ఎన్నడును తగులనీయరాదు.

ఈస్టు అడుగంటినచో: వేడినీటిలో కడిగిన వెదురు పుల్లతో మడ్డిని మెల్లగా లేపుడు. గిలకొట్టరాదు. గిలకొట్టినచో గాలి చేరి పులుపు జీవులకు బలము వచ్చును.

ఈస్టు చాలనిచో: పెరుగుకు తోడు వేసినట్లే కల్లుకును తోడు వేయవలెను. 9 లీటర్ల తీపి కల్లుకు 1 లీటరు బాగుగా పొంగుచున్న నేటి కల్లు చాలును. తోడును ఒక్కసారిగా గాక, మొదట 1 లీటరు తీపి కల్లులో కలిపి, అది పొంగిన పిమ్మట మిగిలినదానిలో పోసినచో మరింత మేలు. జర్మనీ దేశపు బీరు చేయువారును మందగించిన పీపాలో పొంగుచున్న క్రొత్త రసమును పోసి మేల్కొల్పుదురు. ఉపాయము ఒక్కటే.

తోడు ఎన్నికలో జాగ్రత్త అవసరము. తోడును ముందు వాసన చూడుడు. సిర్కా వాసన, ముక్కును పొడుచు పులుపు ఉన్నచో దానిని తాకరాదు. ఈ పొరపాటు నేనును చేసితిని. ఒకసారి తీపి కల్లును వెచ్చచేయుటయు, నిన్నటి మిగులు తోడు వేయుటయు రెండును ఒకేసారి చేసితిని. సాయంత్రమునకు తీపి పోయినది గాని, మరునాటి ఉదయమునకు నోట పెట్టలేనంత పులుపైనది. వేడి ఎక్కువైనదా, తోడు చెడ్డదా అనునది తెలిసికొనుటకు వీలు లేకపోయినది. ఒక్కొక్క మార్పు మాత్రమే చేయుడని రైతులకు చెప్పు నేనే ఆ మాట మరచితిని. మీరు మరువకుడు.

సున్నమున్నచో: ఆ రసమును కల్లుగా మార్చుటకు తంటాలు పడుటకంటె బెల్లమునకు వాడుట మంచిది. సున్నపు రసము ఇంకను పులియలేదు గనుక చక్కెర చెక్కుచెదరక యుండును. రసమును కొద్దిగా వెచ్చచేసి నిలిపినచో సున్నము అడుగున తేరును. పై తేటను వడపోసి కాచినచో 10 లీటర్లకు ఒక కిలో వరకు బెల్లము దొరకును. మరువరానిదేమనగా, సగము పులిసిన రసముతో బెల్లము కట్టదు. ఈస్టు చక్కెరను విడగొట్టియుండును గనుక పాకము జిగటగా నిలుచునే గాని గట్టిపడదు.

సమయము లేనిచో: తీపి కల్లును, బాగా ఎక్కిన ఘాటు కల్లును తగు పాళ్ళలో కలిపి రుచి సరిచేయవచ్చును. గ్లాసులో కలిపి చూచిన పిమ్మటనే లొట్టిలో కలుపుడు. ఇట్టి కలయికలో ఈస్టు మరల చురుకుగా పనిచేయును గనుక ఆనాడే చెల్లిపోవలెను. నీళ్ళు పోసి తీపి తగ్గించుట మాత్రము సవరణ కాదు, కల్తీ.

మూత బిగింపరాదు

తీపి మిగిలిన కల్లును సీసాలలో పోసి బిరడా బిగించుట ప్రమాదము. లీటరు కల్లులో 10 గ్రాముల చక్కెర మిగిలినచో అది పులియునప్పుడు రెండున్నర లీటర్లకు పైగా వాయువు పుట్టును. లీటరు సీసాలో ఆ వాయువు ఎచ్చటికి పోవును? సీసా పగిలి గాజు పెంకులు కన్నులలో, చేతులలో గ్రుచ్చుకొనును. ఉదయపు చలిలో నిశ్చలముగానున్న కల్లే మధ్యాహ్నపు ఎండలో బస్సుపైనను, మోటారు సైకిలు సంచిలోను మేల్కొనును. కావున వాయువు పోవునట్లు పలుచని గుడ్డ కట్టియే మోయవలెను.

పొడుల జోలికి పోరాదు

ఇప్పుడు అసలైన మాట. “ఎక్కలేదు” అను మాట వినలేక, తీపి కల్లులో మత్తు పొడులు కలుపువారున్నారు. క్లోరల్ హైడ్రేటు, డయజిపామ్, ఆల్ప్రజోలమ్ అనునవి అట్టివి. ఇవి తీపిని తగ్గింపవు, పులియుటకు తోడ్పడవు. త్రాగువాని మెదడును మాత్రమే మొద్దుబార్చును. అలవాటైనవాడు ఒకనాడు మంచి కల్లు త్రాగినను వణకు, పిచ్చిచూపు, మూర్ఛలతో పడిపోవును. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై గట్టి చర్యలు తీసికొన్నపుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఎందరో ఈ విధముగా ఆసుపత్రుల పాలైరి. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీ కల్లు త్రాగి పలువురు మరణించిరి.

ఒక్క ఉదయపు బేరము కొరకు వాడుకదారుని ప్రాణము పణముగా పెట్టుట మోకు, ముత్తాదు కట్టి ప్రాణమునకు తెగించి చెట్టెక్కు మీ వృత్తికి తగినది కాదు. ఆ పొడి కలిపినవానికి జైలు శిక్ష ఎట్లును తప్పదు. కాని ఊరిలో పోయిన నమ్మకము శిక్ష ముగిసినను తిరిగి రాదు.

తీపినే సరుకుగా చేసికొనుడు

కడపట ఒక ఆలోచన. చలికాలమున రసము తీపిగా నిలుచుట కల్లుకు చిక్కేగాని, నీరాకు వరము. పులియని తీపి రసమునకు నేడు విలువ కలదు. 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డున రాష్ట్ర ప్రభుత్వము నీరా కేంద్రమును ప్రారంభించెను. నీరాకు చల్లదనము, శుభ్రమైన లొట్టి, సూర్యోదయమునకు ముందే దించుట ముఖ్యము. చలి రాత్రులలో వీనిలో మొదటిది ప్రకృతియే ఉచితముగా ఇచ్చుచున్నది. మీ సంఘము తగిన అనుమతి పొంది, చలి నెలలలో కొన్ని చెట్లను నీరాకు, బెల్లమునకు కేటాయించి, మిగిలినవానిని కల్లుకు ఉంచినచో తీపి దిగులు సగము తీరును. లొట్టిలను మాత్రము వేరు వేరుగా గుర్తు పెట్టి ఉంచవలెను. సున్నపు లొట్టి కల్లుకును, కల్లు లొట్టి నీరాకును రాకూడదు.

జ్ఞాపకముంచుకొనవలసిన విషయములు

1. నురుగున్న తీపికి ఓపికయే మందు. నురుగు లేని తీపికే సవరణ.

2. పసుపు కాగితముతో సున్నమును, మూడు గ్లాసులతో కారణమును తెలిసికొనుడు.

3. మొదట వెచ్చదనము, పిమ్మట మడ్డి లేపుట, ఆపైన తోడు. ఒకదాని తరువాత ఒకటి చేయుడు.

4. తోడు పదింట ఒక పాలు. సిర్కా వాసనగల తోడు వద్దు.

5. సున్నపు రసమును బెల్లమునకు మరల్చుడు.

6. సీసా మూత బిగింపకుడు.

7. ఏ పొడియు కలుపకుడు. పెట్టుడు తీపి తగిలిన కల్లును పారబోయుడు.

8. సవరించినదైనను కల్లు మత్తు పానీయమే. పిల్లలకు, గర్భిణులకు ఇవ్వరాదు. త్రాగి చెట్టెక్కరాదు, బండి నడుపరాదు.

రేపటి ఉదయము లొట్టి దించినపుడు తీపి తగిలినచో దిగులు పడకుడు. చెవి దగ్గర పెట్టి వినుడు. చిటపట వినబడినచో మీ లొట్టిలో పనివాండ్రు మేల్కొనియే ఉన్నారు. వినబడనిచో వారికి కొంచెము వెచ్చదనమిచ్చి, మంచి తోడు కలిపి చూడుడు. అందుకు మీకయ్యెడి ఖర్చు ఒక గంగాళము వేడినీళ్ళు, ఒక లీటరు మంచి కల్లు మాత్రమే.